టీ మెలకువనిస్తుంది, తెలివినిస్తుందా?

పరీక్షల రోజుల్లో రాత్రి పూట ఫ్లాస్కు నిండా టీ పోసి పిల్లల బల్ల మీద పెట్టే తల్లులు మనకు కొత్త కాదు. ఆ టీ లోపలికి వెళ్లి ఏం చేస్తుంది?

మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తన గ్రాహకాల్లో కుదురుకున్నకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. టీలోని కెఫీన్ రూపంలో దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ చోటును తానే ఆక్రమిస్తుంది. చోటు దొరకని అడెనోసిన్ ఎక్కడికీ పోదు, అక్కడే కాచుకుని ఉంటుంది. అలసట తీరలేదు, తెలియడం లేదంతే. రోజూ తాగేవాళ్లకు పొద్దుటి కప్పుతో బుర్ర తేటపడటంలో కూడా, రాత్రంతా కెఫీన్ అందక కమ్మిన మాంద్యం విడిపోవడమే చాలావరకు ఉంటుంది.

అయినా టీ, కాఫీలతో చురుకుదనం వస్తుందన్నది నిజమే. విదేశీ కాలేజీల్లో కొందరు విద్యార్థులు చదువు కోసం మింగే మాత్రల సంగతి వేరు. ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్, డెక్స్‌ట్రోయాంఫెటమిన్, అతినిద్రకు వాడే మొడాఫినిల్ అలాంటివే. వీటిని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 40 మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి చూశారు. ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

వాళ్లకిచ్చిన పని సంచి లెక్క. ఒక్కో వస్తువుకు ఒక బరువు, ఒక విలువ. సంచి ఇంత బరువే మోస్తుంది. ఎక్కువ విలువ వచ్చేలా ఏవి సర్దాలి? పెద్దదొకటి తీస్తే చిన్నవి రెండు పడతాయి, కానీ విలువ తగ్గొచ్చు. వస్తువులు పెరిగేకొద్దీ చిక్కు ముదురుతుంది. మాత్ర వేసుకున్న రోజు వాళ్లు ఎక్కువసేపు కష్టపడ్డారు, వస్తువులు ఎక్కువసార్లు పెట్టారు, తీశారు. సంచిలో చేరిన విలువ మాత్రం మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన రోజుకంటే తగ్గింది. మామూలుగా సగటుకు పైనున్న వాళ్లు చాలామంది ఆ రోజు సగటు కిందికి జారారు. శ్రమ పెరిగి పస తగ్గడమంటే ఇదే.

నన్ను మరింత కలవరపెట్టేది అమెరికాలో చేసిన మరో ప్రయోగం, దాని ఫలితాలు 2013లో వెలువడ్డాయి. యాంఫెటమిన్ లవణాలు తీసుకున్నవాళ్ల మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు, కానీ తాము బాగా చేశామనే వాళ్లు నమ్మారు. ఆ నమ్మకమే మళ్లీ మాత్ర వైపు చెయ్యి చాపేలా చేస్తుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు డాక్టరు రాసిన మందు మాట ఇది కాదు, వాళ్లకది నిజంగా మేలు చేస్తుంది. ఇది చూసి దాన్ని ఆపకండి.

మన ఫ్లాస్కు దగ్గరికొస్తే, కెఫీన్ సగానికి తగ్గడానికి పెద్దల్లో దాదాపు 5 గంటలు పడుతుంది. రాత్రి 10కి తాగిన టీలోని కెఫీన్‌లో సగం తెల్లవారుజాము 3కి కూడా ఒంట్లోనే ఉంటుంది. చదివింది జ్ఞాపకంగా గట్టిపడటానికి గాఢంగా నిద్రపోవాల్సిన వేళ అది.