అధిక రక్తపోటు - పక్షవాతంపై అవగాహన

మెదడులో ఒక భాగానికి రక్తసరఫరా హఠాత్తుగా ఆగిపోవడం వలన గాని, అక్కడి రక్తనాళం చిట్లి రక్తస్రావం కావడం వలన గాని కలిగే వ్యాధిని పక్షవాతం అంటారు. స్ట్రోక్ అనే ఆంగ్ల పదం కూడా వాడుకలో ఉంది. ఈ వ్యాధికి దారితీసే కారణాలలో, మందులతో అదుపు చేయడానికి వీలైన వాటిలో అతి ముఖ్యమైనది అధిక రక్తపోటు.

పేరు, అర్థం

పక్షం అనగా ఒక ప్రక్క. శరీరంలో ఒక ప్రక్క చచ్చుబడిపోవడాన్ని బట్టి ఈ పేరు వచ్చింది. జనవ్యవహారంలో "కాలూ చెయ్యీ పడిపోయింది" అంటారు. ఈ మాట వలననే కాబోలు, వ్యాధి కాలిలోనూ చేతిలోనూ ఉన్నదని, తైలమర్దనంతో నయమవుతుందని చాలామంది భావిస్తారు. నిజానికి దెబ్బతిన్నది మెదడు. మెదడు కుడిభాగం దెబ్బతింటే శరీరం ఎడమప్రక్క, ఎడమభాగం దెబ్బతింటే కుడిప్రక్క చచ్చుబడతాయి. ఇది మెదడులోని రక్తస్రావం వలన కలుగవచ్చునని స్విట్జర్లాండుకు చెందిన యోహాన్ యాకోబ్ వెప్ఫర్ 1658లోనే శవపరీక్షల ఆధారంగా వివరించాడు.

రక్తపోటుతో సంబంధం

రక్తపోటు ఏళ్ళ తరబడి 140/90 మి.మీ. పాదరసానికి మించి ఉన్నపుడు ధమనుల గోడలు దళసరెక్కి గట్టిపడతాయి. మెడలోని పెద్ద ధమనులలో కొవ్వు పేరుకొని, దానిపై రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు కొట్టుకుపోవచ్చు. మెదడు లోతట్టున ఉండే వెంట్రుకల వంటి సన్నని ధమనులు పూడుకుపోవచ్చు, లేదా బలహీనపడి ఉబ్బి చిట్లవచ్చు. అనగా రెండు రకాల పక్షవాతానికీ అధిక రక్తపోటే దారి తీయగలదు.

అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ చరిత్ర దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 1944 మార్చిలో హృద్రోగ నిపుణుడు పరీక్షించినపుడు ఆయన రక్తపోటు 186/108. 1945 ఏప్రిల్ 12న తల వెనుక తీవ్రమైన నొప్పి అని చెప్పి స్పృహ కోల్పోయి, మెదడులో రక్తస్రావంతో 63వ ఏట మరణించాడు. అప్పుడు రక్తపోటు 300/190గా నమోదయింది. నాడు దానిని సమర్థంగా తగ్గించే మందులు లేవు. వయసుతో అది పెరగడం సహజమేనని నమ్మిన వైద్యులూ ఉండేవారు. 1991లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధన ఈ నమ్మకాన్ని దెబ్బతీసింది. 60 ఏళ్ళు పైబడి, పై సంఖ్య మాత్రమే ఎక్కువగా ఉన్నవారికి మందులు ఇచ్చినపుడు పక్షవాతం 36 శాతం తగ్గింది.

స్త్రీ పురుషులలో అవగాహన

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 15 ఏళ్ళు పైబడిన పురుషులలో 24 శాతం, స్త్రీలలో 21 శాతం మందికి రక్తపోటు అధికంగా ఉంది, లేదా దానికి మందులు వాడుతున్నారు. తలనొప్పి, కళ్ళు తిరగడం లేనందున తమకు "బీపీ లేదు" అనుకోవడం సాధారణమైన పొరపాటు. అధిక రక్తపోటుకు చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు, కొలిస్తేనే తెలుస్తుంది. అంతకన్న ప్రమాదకరమైనది, కొలత మామూలుగా ఉన్నదని మాత్రలు మానివేయడం. అది మామూలుగా ఉన్నది మాత్రల వలననే.

పురుషులలో పొగత్రాగడం, మద్యపానం ప్రమాదాన్ని మరింత పెంచుతాయి. స్త్రీలకు గర్భధారణ సమయంలో పెరిగే రక్తపోటు ప్రత్యేకమైన ముప్పు. పల్లెలలో గుర్రపువాతమని పిలిచే స్థితి దీని తీవ్రరూపమే. అట్టి స్త్రీలకు తరువాతి జీవితంలో కూడా పక్షవాతం వచ్చే అవకాశం ఎక్కువ గనుక, కాన్పుతో సంగతి ముగిసిందనుకోరాదు. ఉప్పు రోజుకు 5 గ్రాములలోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు నిత్యం ఉండే ఇంట ఇది తేలిక కాదు.

లక్షణాలు, చికిత్స

మూతి ఒక ప్రక్కకు లాగడం, రెండు చేతులూ పైకెత్తమంటే ఒకటి వాలిపోవడం, మాట ముద్దగా రావడం - వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా పక్షవాతంగా భావించి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. చూపు పోవడం, నడక తూలడం, మునుపెన్నడూ లేనంత తలనొప్పి కూడా లక్షణాలే. కొన్ని నిమిషాలలో అవి వాటంతటవే తగ్గిపోతే గండం గడిచిందని ఊరుకుంటారు. అది అసలు పక్షవాతానికి హెచ్చరిక కావచ్చు. తరువాతి రెండు రోజులలోనే ప్రమాదం అత్యధికం.

రక్తం గడ్డకట్టిన రకంలో, గడ్డను కరిగించే సూదిమందును లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. అందువలన రోగి చివరిసారి ఎప్పుడు మామూలుగా ఉన్నాడో తెలిసినవారు వెంట వెళ్ళడం అవసరం. రక్తపోటు 185/110 కన్న తక్కువకు దిగితేగాని ఆ మందు ఇవ్వరు. పెద్ద ధమని పూడినపుడు గడ్డను సన్నని గొట్టం ద్వారా బయటకు తీసే చికిత్స 2015 తరువాత ప్రాచుర్యంలోకి వచ్చింది. ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకు కూడా చేస్తారు. గడ్డా, రక్తస్రావమా అన్నది స్కానింగులోనే తేలుతుంది గనుక ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వరాదు. రక్తపోటును ఒక్కసారిగా దించే మాత్ర నాలుక క్రింద పెట్టడమూ హానికరమే. మ్రింగే శక్తి దెబ్బతిని ఉండవచ్చు గనుక మంచినీళ్ళు కూడా పోయరాదు. తెలుగు రాష్ట్రాలలో అంబులెన్సు కొరకు 108కు ఫోను చేయవచ్చు.

ఒకసారి పక్షవాతం వచ్చినవారికి మళ్ళీ వచ్చే ప్రమాదం ఉంటుంది. 2001లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలో, రక్తపోటు తగ్గించే మందులు వాడినవారిలో అది 28 శాతం తగ్గింది. మునుపు అధిక రక్తపోటు లేనివారిలోనూ ఈ మేలు కనిపించింది.