కారు కొనాలా, లీజుకు తీసుకోవాలా? ఈఎంఐలో కనిపించని ఖర్చులు ఎంత?

కొత్త కారు చూద్దామని షోరూమ్‌కు వెళ్తే మొదట వినిపించేది ఈఎంఐ మాటే. ‘డౌన్‌పేమెంట్ కొంచెం ఎక్కువ కట్టండి సార్, నెలకు పద్నాలుగున్నర వేలతో అయిపోతుంది’ అంటారు. నెలకు 70 వేల జీతం వచ్చే కుటుంబానికి అది మోయగలిగిన భారంలాగే అనిపిస్తుంది. కానీ కారు ఇంటికి వచ్చాక నెలనెలా జేబులోంచి పోయేది ఆ పద్నాలుగున్నర వేలు మాత్రమే కాదు.

ఇప్పుడు కారు కోసం మూడు దారులు ఉన్నాయి. కొత్తది కొనడం, సెకండ్ హ్యాండ్‌ది కొనడం, లీజు లేదా సబ్‌స్క్రిప్షన్ పద్ధతిలో నెల అద్దెకు తీసుకోవడం. ఏది ఎవరికి లాభమో తేల్చేది కారు మోడల్ కాదు. ఆ కారును ఎన్నేళ్లు ఉంచుకుంటారు, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిప్పుతారు అన్న రెండు విషయాలే. అదెలాగో ఒక ఉదాహరణతో చూద్దాం.

ఎక్స్‌షోరూమ్ ధరకు, ఆన్‌రోడ్ ధరకు ఎందుకంత తేడా?

ఎక్స్‌షోరూమ్ ధర రూ.8 లక్షలు ఉన్న 1,200 సీసీలోపు పెట్రోల్ కారును తీసుకుందాం. జీఎస్టీ ఈ ధరలోనే కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 4 మీటర్లలోపు పొడవున్న ఇలాంటి చిన్న కార్లపై 18 శాతం జీఎస్టీ పడుతోంది. పెద్ద కార్లకు అది 40 శాతం. ఎలక్ట్రిక్ కార్లకు 5 శాతమే.

దీనిపై లైఫ్ ట్యాక్స్ అదనం. వ్యక్తిగత కారు ధర రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షల మధ్య ఉంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ 2022లో సవరించిన రేట్ల ప్రకారం ఇది 14 శాతం. అంటే మన ఉదాహరణలో రూ.1,12,000. ధర రూ.10 లక్షలు దాటితే శాతం కూడా పెరుగుతుంది. అందుకే రూ.9.90 లక్షల కారుకు, రూ.10.10 లక్షల కారుకు చేతికొచ్చే బిల్లులో తేడా 20 వేలతో ఆగదు. తెలంగాణలో ఎలక్ట్రిక్ కార్లకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపును 2026 డిసెంబర్ 31 వరకు ఇచ్చారు.

తర్వాత బీమా. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ పాలసీ తప్పనిసరి. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ నుంచి ఈ నిబంధన అమల్లోకి వచ్చింది. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య కార్లకు దీని ప్రీమియం రూ.10,640. మన కారుకు జరిగే నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ పాలసీ వేరు, దాన్ని ఏడాదికే తీసుకోవచ్చు. పన్నుతో కలిపి మొత్తం బీమా రూ.38 వేలు, రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేట్లు, ఫాస్టాగ్ వంటివాటికి రూ.10 వేలు అనుకుందాం. ఆన్‌రోడ్ ధర రూ.9.60 లక్షలకు చేరింది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. బీమాను డీలర్ దగ్గరే తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయట ధరలు కనుక్కుని బేరమాడవచ్చు. బిల్లులో ‘హ్యాండ్లింగ్ ఛార్జీలు’ అని కనిపిస్తే అది ప్రభుత్వ ఫీజు కాదని గుర్తుంచుకోండి. ఎందుకు వేశారో అడగండి.

అప్పు కాలం పెంచితే ఏమవుతుంది?

డౌన్‌పేమెంట్ రూ.2.60 లక్షలు కట్టి, మిగిలిన రూ.7 లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. ఐదేళ్లకైతే ఈఎంఐ రూ.14,530. మొత్తం వడ్డీ సుమారు రూ.1.72 లక్షలు.

అదే అప్పు ఏడేళ్లకు పెడితే ఈఎంఐ రూ.11,262కు తగ్గుతుంది. నెలకు రూ.3,268 మిగిలినట్టు కనిపిస్తుంది కానీ వడ్డీ రూ.2.46 లక్షలు అవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఐదేళ్లు వాడి కారు అమ్మేద్దామనుకుంటే అప్పటికి బ్యాంకుకు ఇంకా రూ.2.46 లక్షల అసలు బాకీ ఉంటుంది. కారు రూ.4 లక్షలకు అమ్ముడైనా, చేతికి మిగిలేది లక్షన్నరే.

ఐదేళ్లలో అసలు ఖర్చు ఎంత?

ఏడాదికి 10 వేల కిలోమీటర్లు, సిటీ ట్రాఫిక్‌లో లీటరుకు 15 కిలోమీటర్ల మైలేజీ, పెట్రోల్ లీటరు రూ.108 అనుకుని లెక్క వేద్దాం. సర్వీసు, టైర్ల వంటివి మేం వేసిన అంచనాలు. మీ కారును బట్టి మార్చుకోండి.

• డౌన్‌పేమెంట్, ఐదేళ్ల ఈఎంఐలు: రూ.11.32 లక్షలు
• పెట్రోల్: రూ.3.60 లక్షలు
• రెండో ఏడాది నుంచి బీమా: రూ.60 వేలు
• సర్వీసింగ్: రూ.45 వేలు
• ఒకసారి నాలుగు టైర్లు, బ్యాటరీ: రూ.28 వేలు
• పార్కింగ్, టోల్, వాషింగ్: రూ.60 వేలు

మొత్తం రూ.16.85 లక్షలు. ఐదేళ్ల తర్వాత కారును రూ.4 లక్షలకు అమ్మితే నికర ఖర్చు రూ.12.85 లక్షలు. అంటే నెలకు రూ.21,400, కిలోమీటరుకు సుమారు రూ.26.

కానీ అమ్మిన డబ్బు చివర్లో ఒకేసారి వస్తుంది. అప్పటిదాకా నెలనెలా జేబులోంచి పోయేది ఈఎంఐ, పెట్రోల్, మిగతావన్నీ కలిపి సుమారు రూ.23,700. అంటే 70 వేల జీతంలో మూడో వంతు. డౌన్‌పేమెంట్ కోసం తీసిన పొదుపు దీనికి అదనం. ఇంటి అద్దె, పిల్లల ఫీజులు పోను ఇంత మిగులుతుందా అన్నదే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న.

‘ఫ్రీ సర్వీస్’ అన్న మాటను కూడా సరిగా అర్థం చేసుకోవాలి. మొదటి సర్వీసుల్లో సాధారణంగా ఫ్రీ అయ్యేది లేబర్ ఛార్జీ మాత్రమే. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల డబ్బు మనమే కట్టాలి.

బీమాలో ఎక్కడ నష్టపోతాం?

కారు వయసు పెరిగేకొద్దీ బీమాలో దాని విలువ తగ్గుతుంది. దీన్నే ఐడీవీ అంటారు. కారు దొంగతనానికి గురైనా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా చేతికొచ్చేది ఈ విలువ ఆధారంగానే. రెండేళ్లు దాటితే 30 శాతం, మూడేళ్లు దాటితే 40 శాతం, నాలుగేళ్లు దాటితే 50 శాతం తరుగు లెక్కిస్తారు. ప్రీమియం తగ్గుతుంది కదా అని ఐడీవీని మరీ తగ్గించి పాలసీ తీసుకుంటే, అవసరమైనప్పుడు ఆ మేరకు నష్టపోతారు.

క్లెయిమ్ చేయని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ వస్తుంది. మొదటి ఏడాది తర్వాత ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే 50 శాతం వరకు తగ్గింపు ఉంటుంది. బంపర్‌కు చిన్న గీత పడితే క్లెయిమ్‌కు వెళ్లేముందు, పోయే బోనస్ ఎంతో చూసుకోండి. ఈ బోనస్ కారుది కాదు, యజమానిది. పాత కారు అమ్మి కొత్తది కొంటే దానికి మార్చుకోవచ్చు.

లీజు ఎవరికి లాభం?

లీజు లేదా సబ్‌స్క్రిప్షన్‌లో డౌన్‌పేమెంట్ ఉండదు. కొన్ని చోట్ల డిపాజిట్ అడుగుతారు. రిజిస్ట్రేషన్, బీమా, సర్వీసింగ్ సాధారణంగా నెల అద్దెలోనే ఉంటాయి. పెట్రోల్, పార్కింగ్ మనవి. గడువు ముగిశాక కారు తిరిగి ఇచ్చేయాలి.

మన ఉదాహరణలోని కారుకు పన్నుతో కలిపి నెలకు రూ.20 వేలు అద్దె అనుకుందాం. కొన్న కారుతో పోల్చేటప్పుడు పెట్రోల్, పార్కింగ్ పక్కన పెడదాం, రెండింటికీ అవి ఒకటే. పైన చెప్పిన తరుగు శాతాల ప్రకారమే కారు అమ్ముడైందనుకుంటే, కొన్నవారికి పడే నికర భారం ఇలా ఉంటుంది:

• రెండేళ్లకే అమ్మేస్తే: నెలకు సుమారు రూ.22,200
• మూడేళ్లకు అమ్మితే: నెలకు సుమారు రూ.18,700
• ఐదేళ్లకు అమ్మితే: నెలకు సుమారు రూ.14,400

అంటే రెండేళ్లలోపు ఊరు మారే ఉద్యోగమైతే లీజు మేలు. మూడేళ్లు దాటి అదే కారు వాడతామనుకుంటే కొనడమే చవక. కారు విలువ మొదటి ఏళ్లలోనే ఎక్కువగా పడిపోతుంది కాబట్టి, ఎంత ఎక్కువ కాలం ఉంచుకుంటే ఆ నష్టం అన్ని నెలలకు పంచినట్టవుతుంది.

లీజు ఒప్పందంపై సంతకం చేసే ముందు ఇవి అడగండి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్ల పరిమితి ఉంది, దాటితే కిలోమీటరుకు ఎంత? మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి? టైర్లు, బ్యాటరీ అద్దెలో కలిసే ఉన్నాయా? తిరిగి ఇచ్చేటప్పుడు గీతలు, సొట్టలకు ఎంత కోస్తారు? నంబర్ ప్లేట్ ఏ రంగు? సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు అనుమతి ఉన్న కార్లకు నల్ల ప్లేటుపై పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు కారు అయితే ఆర్సీ ఎవరి పేరున ఉంటుందో, అప్పు ఇచ్చినవారి పేరు అందులో ఎలా నమోదవుతుందో ముందే తెలుసుకోండి.

కొన్ని కంపెనీలు ఉద్యోగులకు కారు లీజు సౌకర్యం ఇస్తాయి. అద్దె పన్ను లెక్కించకముందే జీతంలోంచి పోతుంది కాబట్టి, 30 శాతం స్లాబులో ఉన్నవారికి కలిసొచ్చే అవకాశం ఉంది. అయితే ఉద్యోగం మానేసినా, పోయినా ఆ లీజు సంగతి తేల్చాల్సింది మీరే. మిగిలిన మొత్తం కట్టి కారు తీసుకోవాలా, కొత్త కంపెనీకి మార్చుకోవచ్చా అన్నది ఒప్పందంలో ముందే చూడాలి.

సెకండ్ హ్యాండ్ అయితే?

పెద్ద తరుగు మొదటి యజమాని భరించేశారు కాబట్టి ఖర్చు బాగా తగ్గుతుంది. బదిలీ ఖర్చులతో కలిపి రూ.4.20 లక్షలు సొంత డబ్బు పెట్టి ఐదేళ్ల పాత కారు కొని, నాలుగేళ్లు వాడి రూ.2 లక్షలకు అమ్మారనుకోండి. ఏడాదికి రిపేర్లకు రూ.25 వేలు, బీమాకు రూ.12 వేలు వేసుకున్నా పెట్రోల్ కాకుండా నెలకు రూ.7,700 దాటదు. అయితే పాత కారు రిపేర్లు ఎప్పుడు, ఎంత వస్తాయో చెప్పలేం. అందుకే నమ్మకమైన మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్సు ఇవ్వొద్దు.

కాగితాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. అప్పు మీద కొన్న కారైతే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్ రద్దు చేయించాలి. పెండింగ్ చలాన్లు చూడాలి. వేరే రాష్ట్రం కారు చవకగా వస్తోందంటే అక్కడి ఎన్‌ఓసీతో పాటు, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కూడా ధరలో కలిపి చూడాలి. 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి దీని ఫీజు రూ.5 వేలు.

అమ్మేవారికీ ఒక హెచ్చరిక. డబ్బు తీసుకుని తాళాలు ఇస్తే పని అయిపోయినట్టు కాదు. ఫారం 29, 30 నింపి, అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఒక కారు పలువురి చేతులు మారినా ఆర్సీలో మొదటి యజమాని పేరే మిగిలిపోయిన కేసులో, ప్రమాద పరిహారం బాధ్యత ఆయనదేనని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. ‘తర్వాత మార్చుకుంటాంలే’ అన్న మాట మీద కారు ఇచ్చేస్తే, అది చేసే ప్రమాదానికి మీరు జవాబు చెప్పాల్సి రావచ్చు.

అసలు కారు అవసరమేనా?

పైన లెక్కించిన కొత్త కారునే ఏడాదికి 5 వేల కిలోమీటర్లే తిప్పితే కిలోమీటరుకు రూ.44 పడుతుంది. 10 వేలు తిప్పితే రూ.26. 15 వేలు తిప్పితే సుమారు రూ.20. క్యాబ్‌కు కిలోమీటరుకు రూ.25 అవుతుందనుకుంటే, 10 వేల కిలోమీటర్ల దగ్గర రెండూ దాదాపు సమానం. రోజూ మెట్రోలోనో బస్సులోనో ఆఫీసుకు వెళ్తూ, ఆదివారాలకు, పండగలకు ఊరెళ్లడానికి మాత్రమే కారు కావాలనుకునేవారికి అవసరమైనప్పుడు క్యాబ్, ఊరికి అద్దె కారు తీసుకోవడమే తక్కువ ఖర్చు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉండి అర్ధరాత్రి ఆస్పత్రికి పరుగెత్తాల్సి వచ్చేవారికి, క్యాబ్ దొరకని ఊళ్లలో ఉండేవారికి ఈ లెక్క సరిపోదు. వాళ్లకు కారు అవసరమే. అలాంటప్పుడు కూడా నెలకు వెయ్యి కిలోమీటర్లు దాటకపోతే, కొత్తదానికంటే మంచి స్థితిలో ఉన్న పాత కారే చాలాసార్లు బడ్జెట్‌కు సరిపోతుంది.

బుకింగ్ డబ్బు కట్టే ముందు డీలర్ నుంచి ఆన్‌రోడ్ ధర వివరాలను పద్దులవారీగా కాగితం మీద తీసుకోండి. దాని పక్కనే మీ నెలవారీ కిలోమీటర్లు, ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది రాసి, పైన చెప్పిన ఖర్చులన్నీ కూడండి. వచ్చిన మొత్తాన్ని రెండు మూడు నెలలు విడిగా రికరింగ్ డిపాజిట్‌లో వేసి చూడండి. ఇల్లు ఇబ్బంది లేకుండా గడిస్తే ముందుకెళ్లవచ్చు. గడవకపోతే ఆ డబ్బు డౌన్‌పేమెంట్‌కు కలిసొస్తుంది.