బస్సార్డ్ ర్యామ్‌జెట్: కాగితం దాటని నౌక

రాకెట్‌కు అసలు బరువు దాని సొంత ఇంధనమే. వేగం పెంచాలంటే ఇంధనం పెంచాలి. ఆ ఇంధనాన్ని మోయడానికి మరింత ఇంధనం కావాలి. 1960లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ బస్సార్డ్ దీనికో విరుగుడు చెప్పాడు. నక్షత్రాల మధ్య పల్చగా పరుచుకున్న హైడ్రోజన్‌ను నౌక దారిలోనే పోగేసుకుని, కేంద్రక సంలీనంతో శక్తి పుట్టించి, ఆ ఊపుతో వెనక్కి చిమ్ముతుంది. ఇంధనం తరగదు కనుక ఇంజన్ ఏళ్ల తరబడి నడవవచ్చు. వేగం లెక్క ఆసక్తికరంగా మారేది ఇక్కడే.

త్వరణం భూమ్యాకర్షణతో సమానంగా ఉంటే ప్రయాణికులకు నేల మీద నిలబడినట్టే ఉంటుంది. త్వరణాన్ని కాలంతో గుణిస్తే వేగం వస్తుందన్నది న్యూటన్ లెక్క. ఆ ప్రకారం ఒక్క రోజులో వేగం సెకనుకు 847 కిలోమీటర్లకు, 35 రోజుల్లో దాదాపు కాంతివేగంలో పదోవంతుకు చేరుతుంది. అప్పటికీ ఆ లెక్కలో తప్పు అర శాతం లోపే. ఆపైన మాత్రం దాన్ని నమ్మకూడదు: ఏడాది తిరిగేసరికి అది నౌకను కాంతివేగానికి 1.03 రెట్లకు చేరుస్తుంది! సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం ఈ 1.03కు హైపర్‌బోలిక్ టాంజెంట్ కట్టాలి. నౌక గడియారంలో ఏడాది గడిచేటప్పటికి వచ్చే వేగం 0.77 రెట్లే. ఎన్నేళ్లు నడిపినా ఆ విలువ ఒకటికి చేరదు.

వేగం కాంతివేగం లోపే ఆగినా, నౌకలో కాలం నెమ్మదిగా నడవడం కలిసొస్తుంది. సగం దారి వేగం పెంచుకుంటూ, మిగతా సగం తగ్గించుకుంటూ పోతే 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని ప్రాక్సిమా సెంటారీ చేరడానికి భూమి మీద 5.9 ఏళ్లు, నౌకలో మూడున్నరేళ్లు. సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలోని పాలపుంత కేంద్రానికైతే నౌకలో ఇరవై ఏళ్లే. భూమి మీద మాత్రం 26,000 ఏళ్లు దాటిపోతాయి. 1970లో వచ్చిన పోల్ ఆండర్సన్ నవల ‘టౌ జీరో’కు ఆధారం ఇలాంటి నౌకే.

నౌకను ఓడించింది సాపేక్షత కాదు, హైడ్రోజన్. అది ఎంత పల్చనిదంటే, పోగేయడానికి వేల కిలోమీటర్ల వెడల్పున అయస్కాంత క్షేత్రం పరచాలి. పైగా మామూలు హైడ్రోజన్ సంలీనం మహా నెమ్మది. 1975లో డేనియల్ విట్‌మైర్ కార్బన్ వంటి ఉత్ప్రేరకాలతో దాన్ని వేగవంతం చేయాలన్నాడు. 1978లో టి.ఎ. హెపెన్‌హైమర్ వేసిన లెక్కలో మాత్రం సంలీనమిచ్చే శక్తి కంటే వికిరణంగా పోయేదే ఎక్కువని తేలింది. అసలు క్షేత్రానికి తగిలే హైడ్రోజన్ నౌకను వెనక్కి లాగుతుంది కూడా. 1980ల చివర్లో రాబర్ట్ జుబ్రిన్, డానా ఆండ్రూస్ ఆ లాగుడునే పనికి పెట్టి అయస్కాంత తెరచాపను ప్రతిపాదించారు. వేగంగా వచ్చే నౌకకు అది బ్రేకు.