మిల్లు మూతపడ్డాక ఊరేం చేస్తుంది? హాలిఫాక్స్ చెప్పే జవాబు

గల్ఫ్ నుంచో లండన్ నుంచో చుట్టాలెవరైనా వస్తే సూట్‌కేసులో ఒక ఊదారంగు రేకు డబ్బా ఉండాల్సిందే. క్వాలిటీ స్ట్రీట్ చాక్లెట్లు! చాక్లెట్లు రెండు రోజుల్లో అయిపోతాయి. డబ్బా మాత్రం సూదీ దారాలతో పదేళ్ళు అల్మారాలో కూర్చుంటుంది. 1936లో ఆ చాక్లెట్లు పుట్టిన ఊరి పేరు హాలిఫాక్స్. ఇంగ్లండ్ ఉత్తరాన, లీడ్స్‌కీ మాంచెస్టర్‌కీ మధ్య, కొండల నడుమ ఉన్న పాత మిల్లుల ఊరు.

మా అక్క లీడ్స్‌లో పనిచేస్తోంది. పోయిన సెలవుల్లో తన దగ్గరికి వెళ్ళినప్పుడు రెండు రోజులు ఈ ఊరంతా తిరిగాను. నేను వరంగల్ వాణ్ణి. 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు గురించి ఇంట్లో వింటూ పెరిగినవాణ్ణి. అందుకే హాలిఫాక్స్‌లో ఏ దుకాణం చూసినా, ఏ పార్కు చూసినా ఒకటే ప్రశ్న: మిల్లు పోయాక వీళ్ళు ఏం చేశారు? ఎలా చేశారు?

తానులు అమ్మిన చోటే షాపింగ్

ముందుగా పీస్ హాల్. ‘పీస్’ అంటే ముక్క అనుకునేరు. చేమగ్గం మీద నేసిన సుమారు 30 గజాల ఉన్ని బట్ట అది. మన మాటలో ‘తాను’. చుట్టుపక్కల కొండల్లోని నేతగాళ్ళు ఇంట్లో నేసిన తానుల్ని ఇక్కడికి తెచ్చి వ్యాపారులకు అమ్మేవాళ్ళు. 1779 జనవరి 1న తెరిచారు. మధ్యలో పెద్ద ముంగిలి, చుట్టూ రాతి స్తంభాల వరండాలు, వాటి వెనక 315 గదులు. శనివారం గంట మోగితే బేరాలు మొదలు. రెండు గంటల్లో మళ్ళీ గంట, బేరాలు బంద్!

సివిల్ మిత్రులకు ఒక ముచ్చట. స్థలం వాలుగా ఉంది. అయినా పైకప్పు చుట్టూ ఒకే మట్టంలో ఉంటుంది. ఎలాగంటే, ఎత్తు వైపు రెండు అంతస్తులు కట్టారు, పల్లం వైపు మూడు. నేలను చదును చేయకుండా అంతస్తుల లెక్కతో సర్దేశారన్నమాట.

తర్వాత ఆవిరి యంత్రాలు వచ్చాయి. బట్ట ఇళ్ళలో కాక మిల్లుల్లో తయారవడం మొదలైంది. వ్యాపారి నేరుగా మిల్లుతోనే మాట్లాడుకుంటే ఇక తానుల సంత దేనికి? 1871 నుంచి సుమారు వందేళ్ళు ఇది కూరగాయలు, పండ్లు, చేపల హోల్‌సేల్ మార్కెట్‌గా బతికింది. 1970ల మొదట్లో కూల్చేద్దామన్న మాట కూడా వచ్చింది. ఒకే ఒక్క ఓటు తేడాతో బయటపడిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పెద్ద ఎత్తున మరమ్మతులు చేసి 2017 ఆగస్టు 1న మళ్ళీ తెరిచారు. ఇప్పుడు ఆ గదుల్లో నగలు, పుస్తకాలు, చేతిపని వస్తువుల చిన్న చిన్న దుకాణాలు, కాఫీ హోటళ్ళు. ఎండాకాలంలో ముంగిట్లో పెద్ద పెద్ద సంగీత కచేరీలు. ముంగిట్లోకి ప్రవేశం ఉచితం. ఏమీ కొనకుండా గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. నేను కూర్చున్నాను కాబట్టి గ్యారంటీగా చెప్తున్నా!

అసలైన రోజువారీ కొనుగోళ్ళకి మాత్రం 1896 నాటి బరో మార్కెట్‌కి వెళ్ళాలి. ఇనుము, గాజు పైకప్పు, నడిమధ్యలో గడియారం. మన మోండా మార్కెట్‌కి గొడుగు పట్టినట్టుంటుంది.

ఓనర్లు వదిలివెళ్ళిన పచ్చదనం

ఊళ్ళోని పీపుల్స్ పార్కు 1857లో తెరిచారు. ఇచ్చింది తివాచీ మిల్లుల యజమాని ఫ్రాన్సిస్ క్రాస్లీ, గీసింది లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ని రూపొందించిన జోసెఫ్ పాక్స్టన్. మిల్లు పొగలో బతికే కార్మికులకి కాస్త గాలి దొరకాలని కట్టిన పార్కు అది.

ఊరికి కొద్ది దూరంలో షిబ్డెన్ హాల్. దాదాపు 600 ఏళ్ళ కర్ర చట్రాల ఇల్లు. రహస్య లిపిలో డైరీలు రాసిన ఆన్ లిస్టర్ (1791–1840) ఇక్కడే ఉండేది. ఆమె కథతో 2019లో బీబీసీ సీరియల్ కూడా వచ్చింది. చుట్టూ పార్కు, పడవలు తిరిగే చెరువు, పిల్లలకి బుల్లి రైలు. నడకంటే ఇష్టమున్నవాళ్ళకి కొండల మీదుగా 50 మైళ్ళ కాల్డర్‌డేల్ వే ఉంది. మేము ఓ మూడు మైళ్ళు నడిచి పరువు నిలబెట్టుకున్నాం.

మెకానికల్ వాళ్ళు వెయిన్‌హౌస్ టవర్ చూడాలి. ఎత్తు 253 అడుగులు. అద్దకం ఫ్యాక్టరీ పొగ ఊరి మీద పడకుండా పైకి పంపడానికి 1871లో మొదలుపెట్టిన చిమ్నీ ఇది. పూర్తయ్యేలోపే ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమాని చిమ్నీ ఖర్చు నాకొద్దన్నాడు. దాంతో పైన శిల్పాల మేడ కట్టి 1875లో చూడచక్కని గోపురంగా ముగించారు. ఒక్కరోజు కూడా పొగ చూడని చిమ్నీ! లోపల 403 మెట్లు. ఏడాదిలో కొన్ని రోజులే జనాన్ని ఎక్కనిస్తారు.

పిల్లలకొకటి, పెద్దలకొకటి

రైల్వేస్టేషన్ పక్కనే యురేకా, 1992లో తెరిచిన పిల్లల మ్యూజియం. ‘ముట్టుకోరాదు’ అన్న బోర్డుకి బదులు ఇక్కడ అన్నీ ముట్టుకోవాలి, తిప్పాలి, నొక్కాలి. టికెట్టు ఉంది. పిల్లలు బయటికి రామని ఏడవడం మాత్రం ఫ్రీ.

పెద్దలకి డీన్ క్లఫ్. ఒకప్పుడు ప్రపంచంలోనే అతిపెద్ద తివాచీ ఫ్యాక్టరీల్లో ఒకటి. దాదాపు అర మైలు పొడవున మిల్లు భవనాలు. 1980ల మొదట్లో మూతపడింది. 1983లో ఎర్నెస్ట్ హాల్ బృందం కొన్నది. ఆయన బట్టల వ్యాపారి, పియానో విద్వాంసుడు కూడా. కూల్చకుండా గదులు గదులుగా అద్దెకిచ్చారు. ఇప్పుడు అందులో ఆఫీసులు, చిత్రశాలలు, నాటకశాల, హోటళ్ళు.

మరి మనకేంటి?

అంతా బాగుంది అనేస్తే అబద్ధమవుతుంది. కాఫీ హోటల్లో ఉద్యోగం మిల్లు ఉద్యోగానికి సాటి కాదు. డీన్ క్లఫ్‌లో ఒకప్పుడు వేలమంది తివాచీలు నేశారు. ఆ నైపుణ్యం పోయింది, తిరిగి రాలేదు. మా అక్క అన్నట్టు, “షాపింగ్‌కి వచ్చేవాడి దగ్గర డబ్బులుండాలంటే ఎక్కడో ఒకచోట ఉద్యోగం ఉండాలి కదరా!”

కానీ ఒక్కటి నిజం. భవనం నిలబడి ఉంది కాబట్టే దాని గురించి రెండో ఆలోచన చేయగలిగారు. తానుల సంత చేపల మార్కెట్ అయింది, చేపల మార్కెట్ కచేరీ మైదానమైంది. మూడు బతుకులూ ఒకే గోడల మధ్య. మా ఆజంజాహి మిల్లుకి ఆ రెండో అవకాశం రాలేదు. మూతపడ్డాక మిల్లు కట్టడాలు కూల్చేశారు, భూమి చాలామటుకు ప్లాట్లయింది. ఆ సైరన్‌ని బట్టి టైము చూసుకున్న తరం కూడా తగ్గిపోతోంది.

అందుకే మిత్రులారా, మీ ఊళ్ళో మూతపడ్డ మిల్లో, చక్కెర ఫ్యాక్టరీయో, పాత గోదామో ఉంటే ఈ సెలవుల్లో ఒకసారి అనుమతి తీసుకుని వెళ్ళండి. ఫొటోలు తీయండి. టేపు పట్టుకుని కొలతలు రాసుకోండి. అక్కడ పనిచేసినవాళ్ళు దొరికితే ఏ యంత్రం ఎక్కడుండేదో అడగండి. కాపాడాలని రేపు ఎవరైనా అనుకుంటే ముందుగా కావాల్సింది ఆ కాగితాలే. మనం చదువుతున్న చదువుకి ఆ మాత్రం పని చేతనవును.