పడిగెయు పాటయు: విశ్వవిద్యాలయ కళాసంగ్రహాలయమున కోయ పటముల ప్రదర్శనము

విశ్వవిద్యాలయ కళాసంగ్రహాలయములు సంవత్సరారంభమున ప్రకటించు పట్టికలలో రెండు శీర్షికలు కానవచ్చును. మొదటిది రానున్న ప్రదర్శనములు; రెండవది కార్యక్రమములు. మొదటిదానిలో వస్తువులు, తేదీలు ఉండును. రెండవదానిలో ఉపన్యాసములు, గానసభలు, బాలబాలికలకు చిత్రలేఖన శిక్షణము మున్నగునవి ఉండును. ప్రదర్శనమే ముఖ్యమనియు, కార్యక్రమము దానికి అలంకారమాత్రమనియు మనలో పలువురు భావింతురు. తైలవర్ణచిత్రము విషయముననో, శిలావిగ్రహము విషయముననో ఈ భావము కొంతవరకు చెల్లవచ్చును. కోయల పడిగె విషయమున ఇది చెల్లదని మా అభిప్రాయము. అందులకు కారణమేమో, దానినిబట్టి సంగ్రహాలయములు ఏ పద్ధతిని అనుసరింపవలెనో ఇచట వివరింప యత్నింతుము.

విశ్వవిద్యాలయమునకు కళాసంగ్రహాలయ మనునది క్రొత్త భావము కాదు. ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ 1683లో తెరువబడినది. మనదేశమున కలకత్తా విశ్వవిద్యాలయము 1937లో ఆశుతోష్ సంగ్రహాలయమును స్థాపించి, వంగదేశపు పల్లెల కళలకు అందు స్థానము కల్పించినది. రాయ్ కృష్ణదాస్ 1920లో కాశిలో నెలకొల్పిన భారత కళాభవనము 1950లో అచటి హిందూ విశ్వవిద్యాలయమున చేరినది. విద్యార్థి గ్రంథమున చదివినదానిని కంటితోను చూడవలె నన్నది వీని ఆశయము. కాని కన్నుతోపాటు చెవికిని పని కల్పించు చిత్రములు మనదేశమున పెక్కు గలవు. వంగదేశపు పటములను పటువాలు పాడుచు విప్పి చూపుదురు. తెలంగాణమున చేర్యాల నకాషీలు వ్రాసిన పటములును కథకులు కులపురాణములు చెప్పుటకై వ్రాయించుకొన్నవే. పడిగె ఈ జాతికి చెందినది.

పడిగె పుట్టిన ప్రాంతమును గూర్చి కొంత చెప్పవలసియున్నది. ములకలపల్లి నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని మండలకేంద్రము. 2016 వరకు అది ఖమ్మం జిల్లాలోనిది. ఆ జిల్లాయు 1953లో వరంగల్లు నుండి వేరుపడినదే. గోదావరి కావలనున్న భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉండెను. 2014లో భద్రాచల ప్రాంతపు పెక్కు గ్రామములు ఆంధ్రప్రదేశమున చేరినవి. ఈ ఎల్లలన్నియు మారినను కోయల గట్టులు మారలేదు. గట్టనగా కొన్ని ఇంటిపేర్ల సముదాయము. మూడవ గట్టు మొదలు ఏడవ గట్టు వరకు గల పేర్లు వాడుకలో నున్నవి. ఒక గట్టువారందరు అన్నదమ్ములు. వారిలో వారికి వివాహము నిషిద్ధము. నదికి ఈవలి వానికి ఆవలివాడు అన్నయో, బావయో నిర్ణయించునది గట్టే కాని జిల్లా కాదు.

గట్టు వేల్పునకు చెందిన త్రికోణాకారపు జెండాయే పడిగె. పగిడె అనియు వ్యవహారము గలదు. గట్టు పుట్టుపూర్వోత్తరములకును, వేల్పులకును సంబంధించిన బొమ్మలు దానిపై ఉండును. మేడారము జాతరకు పగిడిద్దరాజు పూనుగొండ్ల నుండి పడిగె రూపముననే తరలివచ్చును. వేల్పుల కొలుపులలో దీనిని విప్పి, డోలికోయలు డోలి వాయించుచు ఆ గట్టు కథను పాడుదురు. బొమ్మ కథకు గుర్తు. కథయంతయు పాటలో నున్నది. మనకు తాళపత్రముపై అక్షరమెట్టిదో వారికి పడిగెపై బొమ్మ అట్టిది. చదువుట తెలిసినవాడు ప్రక్కన లేనిచో రెండును గీతలే.

ఈ విషయము మాకు గ్రంథములవలన తెలియలేదు. కొన్ని సంవత్సరములక్రిందట ఒక ప్రదర్శనమునకై పడిగె నకలు నొకదానిని గోడకు అమర్చు పని మాకు అప్పగింపబడినది. వెడల్పు అంచు కుడివైపునకును, కొస ఎడమవైపునకును వచ్చునట్లు తగిలించితిమి. తెలుగు అక్షరములవలెనే బొమ్మలను ఎడమనుండి చదువవలెనని తలచి, క్రింద సంఖ్యలు వేసి వివరణము వ్రాసితిమి. ప్రారంభోత్సవమునకు వచ్చిన కోయ వృద్ధుడొకడు చాలసేపు నిలిచి చూచి, "ఏంది సారూ, కొసకాడి నుంచి మొదలుపెట్టిన్రు? పాడెటోళ్ళు రాలేదా?" అని అడిగెను. మావద్ద సమాధానము లేదు. పాడువారిని పిలువవలెనను ఆలోచనయే మాకు కలుగలేదు. మనుమలు ముందు, మూలపురుషులు వెనుకగా ఒక వంశమును పదిదినములు ప్రజలకు చూపితిమి. చూచిన వందలమందిలో, మాలో సయితము, దానిని తప్పని గుర్తించినవారు లేకపోయిరి.

పాటను గూర్చి తొందరపడవలసిన అవసరము గలదు. మణుగూరు మండలము కూనవరము వాస్తవ్యులు సకిని రామచంద్రయ్యగారు సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను గ్రంథసహాయము లేకయే గానము చేసిరి. 2022లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. 2024లో వారు కీర్తిశేషులైరి. వస్త్రమును మడవక గొట్టమునకు చుట్టి, తేమయు పురుగును సోకకుండ కాపాడినచో తరములపాటు నిలుచును. గాయకునితో పోయిన పాఠమును ఏ పెట్టెనుండియు వెలికి తీయజాలము.

కావున పడిగెను ప్రదర్శింపదలచిన సంగ్రహాలయము కొన్ని నియమములను పాటింపవలెనని మా సూచన. మొదటిది, వేల్పుగుడిలోని మూలమును అడుగరాదు. గట్టు పెద్దల అనుమతితో నకలు వ్రాయించి దానినే చూపవలెను. నకలైనను వస్త్రమే గనుక వెలుతురు యాభై లక్సులకు మించరాదు. కొన్ని మాసములకు మించి గోడపై ఉంచరాదు. రెండవది, పాడువారు ప్రదర్శనము తెరచిన పిమ్మట కాదు, అమరికకు ముందే రావలెను. బొమ్మల వరుసను వారే నిర్ణయింపవలెను. వారి పేర్లు వివరణపత్రమున చిత్రకారుని పేరుతో సమానముగా ఉండవలెను. పారితోషికము ఉపన్యాసకునకు ఇచ్చుదానికి తగ్గరాదు. మూడవది, వివరణపత్రమున జిల్లా పేరుతో సరిపెట్టక గ్రామమును, గట్టును, సంవత్సరమును వ్రాయవలెను. కోయపదములను తెలుగు లిపిలో ముందు వ్రాసి తరువాత అర్థము చెప్పవలెను. నాల్గవది, మేడారము జాతర జరుగు మాఘమాసమున గాయకులను నగరమునకు రప్పింపరాదు. అయిదవది, నగరమున ముగిసిన ప్రదర్శనము ములకలపల్లి వంటి చోటికి ఒక్కవారమైనను రావలెను. తప్పులను దిద్దగలవారు అచటనే ఉన్నారు.

దేవతాకార్యమును సభామందిరమునకు తెచ్చి వేడుకగా మార్చుట తగునా యని కొందరు ప్రశ్నింతురు. ఆ శంక న్యాయమైనదే. మేము కోరునది కొలుపు కాదు. బయట పాడదగిన భాగ మేదో, పాడరానిదేదో గాయకులే చెప్పుదురు. పాడరాదన్న భాగము పాడబడకుండుటయు, అట్టి భాగమున్నదని చూపరులకు తెలియుటయు విద్యలో భాగమే.

2023లో పార్లమెంటు ఆమోదించిన శాసనమువలన ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము ఏర్పడినది. అచటగాని, మరియొకచోటగాని పడిగెలకు సంగ్రహాలయమున స్థానము కల్పించునపుడు, తెలుగుశాఖల పరిశోధకులకు అందు పనియుండును. పాటను ధ్వనిముద్రణము చేయుట, కోయమాటను విన్నది విన్నట్లు లిపిబద్ధము చేయుట, ఒకే కథకు గల భిన్నపాఠములను సరిపోల్చుట సాహిత్య విద్యార్థి నేర్చిన విద్యలే. తాళపత్రములకు మన పెద్దలు చేసిన పరిష్కరణమును ఈ పాటలకు మనము చేయవలసియున్నది. రానున్న ప్రదర్శనముల పట్టికను సిద్ధము చేయువారు పడిగె పేరు వ్రాసినపుడు, అదే పంక్తిలో దానిని పాడువారి పేరును వ్రాయవలెను. ఆ పేరు ఇంకను దొరకనిచో తేదీని నిర్ణయింపక వేచియుండుట మేలు.