పాత ఇనుప సామానులో పొంచి ఉన్న ప్రమాదం

ఎక్స్‌రే అనగానే కొందరు భయపడతారు. నిజానికి ఎక్స్‌రే యంత్రంలో రేడియోధార్మిక పదార్థం ఉండదు. కరెంటు ఆపగానే కిరణాలు కూడా ఆగిపోతాయి. కోబాల్ట్-60, సీజియం-137 వంటి పదార్థాలు అలా కాదు. వాటిని ఆపడానికి స్విచ్ లేదు. కోబాల్ట్ శక్తి సగానికి తగ్గడానికి 5 ఏళ్లకు పైగా, సీజియం శక్తి సగానికి తగ్గడానికి సుమారు 30 ఏళ్లు పడుతుంది. యంత్రం మూలన పడినా లోపలి పదార్థం కిరణాలను వెదజల్లుతూనే ఉంటుంది.

ఇవి ఎక్కడ ఉంటాయి?

పొగను పసిగట్టి మోగే కొన్ని పరికరాలలో అమెరీషియం-241 అతి కొద్దిగా ఉంటుంది. విప్పకుండా, కాల్చకుండా ఉంటే దానివలన హాని లేదు. క్యాన్సర్ చికిత్స చేసే కొన్ని యంత్రాలలోను, ఫ్యాక్టరీలలో వెల్డింగును పరీక్షించే పరికరాలలోను ఎంతో శక్తివంతమైన పదార్థాలు ఉంటాయి. అందుకే వాటిని మందమైన లోహపు కవచంలో భద్రపరుస్తారు.

లెక్క తప్పితే ఏమవుతుంది?

1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, ఖాళీ చేసిన చికిత్సా కేంద్రంలో వదిలేసిన యంత్రాన్ని ఇద్దరు పాత ఇనుము కోసం పట్టుకుపోయారు. లోపలి సీజియం పొడి చీకటిలో నీలంగా మెరవడం చూసి, ముచ్చటపడి బంధుమిత్రులకు పంచారు. నలుగురు మరణించారు. వారిలో ఒక చిన్నారి కూడా ఉంది. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత సామాను మార్కెట్‌కు కోబాల్ట్-60 ఉన్న పాత పరికరం చేరింది. దానిని విడగొట్టడంతో పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు.

మన దేశంలో ఇటువంటి పదార్థాలను కొనడానికి, వాడడానికి, తరలించడానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. పని ముగిశాక వాటిని నిబంధనల ప్రకారం అప్పగించాలి, వేలంలో అమ్మరాదు.

మీరు ఏమి చేయాలి?

1. పసుపు రంగుపై మూడు రేకుల గుర్తు ఉన్న వస్తువును, చిన్నదైనా విపరీతమైన బరువున్న లోహపు డబ్బాను తాకవద్దు, పగలగొట్టవద్దు.
2. దూరంగా వెళ్లండి. పిల్లలను దగ్గరకు రానీయవద్దు. 112కు ఫోన్ చేసి పోలీసులకు తెలపండి.
3. దానిని పాతిపెట్టవద్దు, బావిలో వేయవద్దు.
4. ఇప్పటికే తాకి ఉంటే సబ్బుతో చేతులు కడుక్కొని, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

పాత సామానుతో పనిచేసేవారికి వాంతులు, కాలినట్లు చర్మం ఎర్రబడడం, జుట్టు రాలడం వంటివి కనిపిస్తే, తాము తాకిన వస్తువు గురించి డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాటతో జబ్బు త్వరగా బయటపడుతుంది, ఇంట్లోవారికీ రక్షణ కలుగుతుంది.