వీధి వైఫై ఇంటికి చాలుతుందా?

"ఊరంతా వైఫై పెడతారట కదండీ! ఇక ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ తీయించేద్దామా?" అని మొన్న మా పక్కింటావిడ అడిగారు. వాళ్ళబ్బాయి చదువంతా ఆ ఇంటర్నెట్ మీదే నడుస్తోంది!

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం 2004లో ఇలాంటి పథకమే ప్రకటించింది. వీధి దీపాల స్తంభాలకు పరికరాలు బిగించారు. కాని గోడలు దాటి ఇళ్ళలోకి తరంగాలు సరిగా చేరలేదు. చందాదారులూ అనుకున్నంతమంది రాలేదు. 2008లో కంపెనీ తప్పుకుంది.

కారణమేమిటంటారా? వైఫై తరంగానికి బలం తక్కువ. గోడ అడ్డొస్తే ఇంకా నీరసిస్తుంది. పైగా స్తంభం మాట మన ఫోనుకు వినబడితే చాలదు, ఫోను మాట స్తంభానికీ వినబడాలి. ఉన్న వేగాన్ని అక్కడున్న వారంతా పంచుకోవాలి. సాయంత్రం అందరూ ఒక్కసారి తెరిస్తే పిల్లవాడి పాఠం మధ్యలో ఆగిపోతుంది.

అలాగని అది వృథా కాదు. మన రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వైఫై రోజూ మొదటి అరగంట ఉచితం. ప్రయాణంలో ఎంతో మేలు. బ్యాంకు పనులు మాత్రం అక్కడ పెట్టుకోకండి. అదే పేరుతో దొంగ వైఫై పెట్టేవాళ్ళూ ఉంటారు.

వీధి కుళాయి వచ్చిందని ఇంటి కుళాయి పీకించుకుంటామా? ఖర్చు తగ్గాలంటే వాడకం చూసుకుని చిన్న ప్లానుకు మారండి, చాలు.